పాట మనది, ఛానెల్ వాళ్లది: కాపీరైటు తగాదాను తక్కువ ఖర్చుతో, ఇంట్లోంచే తేల్చుకునే దారి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు మన తెలుగువాళ్లు చాలామంది ఇప్పుడు ఏదో ఒకటి తయారుచేసి ఆన్‌లైన్‌లో పెడుతున్నారు. జానపదాలు, భజనలు, పెళ్లి వీడియోలు, థింసా రీళ్లు, ఊరి జాతర ఫొటోలు. వాటిని అడక్కుండా తీసి తమ ఛానెల్లో వేసుకునేవాళ్లూ ఉన్నారు. ఇదేమిటని అడిగితే "కోర్టుకెళ్లు" అంటారు. ఇరవై వేల రూపాయల పాట కోసం కోర్టుకెక్కితే లాయరు ఫీజే అంతకు మించుతుందని వాళ్లకు బాగా తెలుసు. ఆ ధైర్యంతోనే తీస్తారు. రాత్రంతా కూర్చుని పాట కట్టినవాళ్లు, బస్సు చార్జీ పెట్టుకుని స్టూడియోకి వెళ్లి పాడినవాళ్లు నోరు మూసుకుని ఊరుకోవడం నాకు అస్సలు మింగుడుపడదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇలాంటి చిన్న తగాదాల కోసమే అమెరికాలో కాపీరైట్ క్లెయిమ్స్ బోర్డు అనే ఆన్‌లైన్ ట్రిబ్యునల్ ఉంది. 2020 డిసెంబరులో వచ్చిన కేస్ (CASE) అనే చట్టం కింద ఏర్పడి, 2022 జూన్ 16 నుంచి దావాలు తీసుకుంటోంది. బ్రిటన్‌లోనూ మేధోసంపత్తి కోర్టులో 10,000 పౌండ్ల లోపు దావాలకు విడిగా ఒక చిన్న దావాల విభాగం ఉంది. మన దేశంలో అచ్చంగా అలాంటిది లేదు. ఒకప్పటి కాపీరైట్ బోర్డు పని 2017లో ఐపీఏబీకి (మేధోసంపత్తి అప్పీళ్ల బోర్డుకు), 2021లో అది రద్దయ్యాక హైకోర్టులకు వెళ్లింది. అక్కడికి మన ఇరవై వేల తగాదా పట్టుకుని వెళ్లలేం. అలాగని చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన పనీ లేదు. యూట్యూబ్ ఫారం, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, లోక్ అదాలత్, అవసరమైతే అమెరికా బోర్డు, వీటిలో మన తగాదాకు సరిపడేది ఎంచుకుంటే చాలావరకు పని జరుగుతుంది.

ఏది సరిపడుతుందన్నది ఒక్క ప్రశ్న మీద ఆధారపడుతుంది: తీసినవాడు ఎక్కడున్నాడు? ఎంత నష్టపోయామన్నది ఆ తర్వాతి లెక్క. ఇచ్ఛాపురంలో ఉంటే ఒక దారి, డల్లాస్‌లో ఉంటే ఇంకో దారి, ఎక్కడున్నాడో తెలియకపోతే మూడో దారి.

ఒకటో అడుగు: హక్కు నిజంగా మీదేనా?

చాలామంది ఇక్కడే బోర్లా పడతారు కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

ఒక పాటలో నాలుగు హక్కులు ఉంటాయి. సాహిత్యం రాసినవాళ్లది ఒకటి, బాణీ కట్టినవాళ్లది ఒకటి, రికార్డింగు తీయించిన నిర్మాతది ఒకటి, పాడినవాళ్లకు ఉండే ప్రదర్శకుల హక్కు ఒకటి. తరతరాలుగా పాడుకుంటున్న జానపదమైతే మాటల మీదా బాణీ మీదా ఎవరికీ సొంత హక్కు ఉండదు. అదే పాటను వేరే ఊరి అమ్మాయి తన గొంతుతో పాడి పెడితే మీరు అడగడానికి ఏమీ లేదు. కానీ మీ గొంతుతో మీరు తీయించిన రికార్డింగునే తీసుకెళ్లి పెడితే అడగొచ్చు. మీరు కొత్తగా చేర్చిన చరణం ఉంటే ఆ చరణం మీదా హక్కు మీదే.

రికార్డింగుకు నిర్మాత ఎవరు? చట్టం ప్రకారం దాన్ని తయారుచేయడానికి చొరవ తీసుకుని బాధ్యత వహించినవాళ్లు. స్టూడియోకి మీరు డబ్బిచ్చి పాడుకుని వస్తే నిర్మాత మీరే, స్టూడియో కాదు. అయితే ఆ సంగతి చెప్పే కాగితం ఉందా? మన వైపు స్టూడియో బిల్లు అంటే చాలాసార్లు ఒక చిన్న చీటీ. "రికార్డింగ్, మిక్సింగ్, మొత్తం ఇంత, అడ్వాన్సు ఇంత" అని రాసి ఉంటుంది. పాట పేరుండదు, మీ పేరు పొట్టిగా ఉంటుంది, కొన్నిసార్లు తేదీ కూడా ఉండదు. తర్వాత స్టూడియో వాళ్లే తమ ఛానెల్లో ఆ పాట పెట్టుకుని "మేమే తీశాం" అంటే ఆ చీటీ దేనికీ పనికిరాదు. ఇకమీదట బిల్లు మీద పాట పేరు, తేదీ, మీ పూర్తి పేరు, "రికార్డింగు హక్కులు డబ్బు చెల్లించినవారివి" అన్న ఒక్క వాక్యం రాయించుకోండి. డబ్బు చేతికి ఇవ్వకుండా యూపీఐలో పంపితే బ్యాంకు దగ్గర కూడా రికార్డు ఉంటుంది.

పెళ్లి ఫొటోగ్రాఫర్లు, వీడియోగ్రాఫర్లు ఇది తప్పక గుర్తుంచుకోవాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బు తీసుకుని ఒకరి కోరిక మీద తీసిన ఫొటోకు, సినిమా చిత్రానికి మొదటి హక్కుదారు డబ్బిచ్చినవాళ్లే, వేరే ఒప్పందం ఉంటే తప్ప. పెళ్లి వీడియో కూడా ఇందులోకే వస్తుంది. కెమెరా మీదైనా, కష్టం మీదైనా, పెళ్లివారి వీడియోను ఇంకో ఈవెంట్ సంస్థ తన ప్రచారానికి వాడుకుంటే దావా వేయాల్సింది పెళ్లివారు. బుకింగ్ కాగితంలోనే "హక్కులు ఫొటోగ్రాఫర్‌వి, కుటుంబం సొంతానికి వాడుకోవచ్చు" అని రాయించుకుంటే లెక్క మారుతుంది.

అనుమతి సంగతి ఒకటి ఉంది. హక్కును పూర్తిగా బదిలీ చేయాలంటే సంతకంతో కాగితం ఉండాలి. వాడుకోవడానికి అనుమతి మాత్రం రాతలో ఉంటే చాలు. "పర్లేదు తమ్ముడూ, వాడుకో" అని మీరు ఎప్పుడో పంపిన వాట్సాప్ మెసేజ్ రేపు మీ మీదే సాక్ష్యం అవుతుంది. దావా గురించి ఆలోచించే ముందు పాత చాట్లు వెతుక్కోండి.

చీరల డిజైన్లు, పట్టు అంచుల తగాదా ఈ దారిలో పెట్టకండి. డిజైన్ల చట్టం కింద నమోదుకు అర్హమైన డిజైన్ నమోదు కాకుండా యంత్రాల మీద 50 సార్లకు మించి అచ్చయితే దాని మీద కాపీరైటు ఉండదు. అది వేరే చట్టం, వేరే కథ.

రెండో అడుగు: సాక్ష్యం ఆ రోజే పట్టుకోవాలి

మీ పాట వేరే ఛానెల్లో కనిపించగానే కింద కామెంట్ పెట్టి తిట్టాలనిపిస్తుంది. పెట్టకండి. కామెంట్ చూసి వాళ్లు వీడియో తీసేస్తే సాక్ష్యం పోయినట్టే. ముందు ఫోన్లో స్క్రీన్ రికార్డింగ్ ఆన్ చేసి, ఆ ఛానెల్ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి వీడియో దాకా వెళ్లండి. లింకు, ఛానెల్ పేరు, పెట్టిన తేదీ, వ్యూస్ సంఖ్య, వీడియో కింద వివరణ అన్నీ తెరమీద కనబడాలి. పాట మొదటి నుంచి చివరి దాకా నడవనివ్వండి. ఇంటి వాళ్లలో ఇంకొకరిని కూడా తమ ఫోన్లో చూసి స్క్రీన్‌షాట్లు తీయమనండి.

ఆ తర్వాత మీ వైపు కాగితాలు: ఒరిజినల్ ఆడియో ఫైలు, ఎడిటింగ్ ప్రాజెక్టు ఫైలు, మీరు మొదట పెట్టిన తేదీ చూపే పేజీ, స్టూడియో బిల్లు, పాట రాసుకున్న నోటుపుస్తకం పేజీ ఫొటో. ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇక దాన్ని ముట్టుకోకండి.

ఫైళ్లకు హ్యాష్ కూడా తీయించుకోండి. ఫైలులోని ప్రతి బిట్టునూ లెక్కగట్టి వచ్చే ఒక పొడుగాటి సంఖ్య అది. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో అయితే 64 అక్షరాలుంటుంది. ఫైలులో ఒక్క క్షణం కత్తిరించినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే ధ్రువీకరణ పత్రంలో ఈ హ్యాష్ రాయాలి. ఆ పత్రంలో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణులు నింపాలి. తగాదా కోర్టుదాకా వెళ్లకపోయినా, హ్యాష్ రాసిన కాగితం చేతిలో ఉంటే రాజీకి కూర్చున్నప్పుడు "ఇది నువ్వు తర్వాత చేసుకున్న ఫైలు" అనే మాట రాదు.

మూడో అడుగు: రిజిస్ట్రేషన్

మన దేశంలో కాపీరైటు పుట్టడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పాట కట్టి రికార్డు చేసిన క్షణం నుంచే హక్కు ఉంటుంది. అయినా చేయించుకోమనే చెబుతాను. రిజిస్టరులో ఉన్న వివరాన్ని కోర్టు మొదటి చూపులో నిజమనే తీసుకుంటుంది, కాదని చూపాల్సిన భారం ఎదుటివాళ్ల మీద పడుతుంది.

ఢిల్లీలోని కాపీరైట్ కార్యాలయం వెబ్‌సైటులోనే దరఖాస్తు పెట్టొచ్చు. సాహిత్యానికి, సంగీతానికి ₹500 చొప్పున, సౌండ్ రికార్డింగుకు ₹2,000, వీడియోకు సినిమా చిత్రం కింద ₹5,000. డబ్బు కట్టగానే డైరీ నంబరు వస్తుంది. తర్వాత 30 రోజులు అభ్యంతరాల కోసం ఆగుతారు, ఆపైన పరిశీలన. వేరేవాళ్లు రాసిన మాటలు, కట్టిన బాణీ ఉంటే వాళ్ల నిరభ్యంతర పత్రం ముందే రాయించుకోండి. అందరూ స్నేహంగా ఉన్నప్పుడు సంతకం సులువుగా దొరుకుతుంది. పాట హిట్టయ్యాక అడిగితే బేరం మొదలవుతుంది.

డబ్బు తక్కువుంటే మొత్తం పాటలన్నీ చేయించాల్సిన పనిలేదు. ఎక్కువ వ్యూస్ వస్తున్నవి, మీరే కట్టినవి, వాటితో మొదలుపెట్టండి. ఇక్కడి రిజిస్ట్రేషన్ అమెరికా బోర్డులో చెల్లదన్న సంగతి మాత్రం గుర్తుంచుకోండి. దాని గురించి కింద రాశాను.

నాలుగో అడుగు: ముందు తీయించడం

యూట్యూబ్‌లో కాపీరైట్ తొలగింపు ఫారం ఉంది. దానికి ఖర్చు లేదు, లాయరు అక్కర్లేదు. మీ పాట లింకు, వాళ్ల లింకు, ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా మీ రికార్డింగు ఉందో రాయాలి. వెంటనే తీయమనొచ్చు, లేదా అవతలివాళ్లకు 7 రోజుల గడువిచ్చి తీయమనొచ్చు. పక్క ఊరివాళ్లయితే, ముఖం చూసుకోవాల్సినవాళ్లయితే 7 రోజుల గడువే మేలు. స్ట్రైక్ (ఛానెల్ మీద యూట్యూబ్ వేసే తప్పు గుర్తు) పడకుండా తీసేసుకునే వీలుంటుంది, తర్వాత మాట్లాడుకోవడానికి దారి మూసుకుపోదు. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానెలే పోతుంది కాబట్టి స్ట్రైక్ అంటే చిన్న దెబ్బ కాదు. దాన్ని కక్ష తీర్చుకోవడానికి వాడకండి.

ఎదుటివాళ్లు "ఇది మా హక్కే" అని కౌంటర్ నోటీసు ఇస్తే, మీరు చట్టపరమైన చర్య మొదలుపెట్టినట్టు అమెరికా పనిదినాల్లో 10 రోజుల లోపు చూపాలి. లేకపోతే వీడియో మళ్లీ వచ్చేస్తుంది.

మన చట్టం కింద ఇంకో నోటీసు ఉంది. కాపీరైట్ నిబంధనలు 2013లోని 75వ నిబంధన. దాని ప్రకారం నోటీసు అందిన 36 గంటల్లో యూట్యూబ్ లాంటి వేదిక ఆ వీడియోను అందుబాటులో లేకుండా చేయాలి. కానీ 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తెస్తానని మీరు హామీ రాసివ్వాలి. తేకపోతే మళ్లీ పెట్టేసుకోవచ్చు. దావా వేయడానికి కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నప్పుడే ఈ నోటీసు వాడండి, చిన్న తగాదాకు వేదిక సొంత ఫారమే చాలు. వేదికలోని ఫిర్యాదుల అధికారి పట్టించుకోకపోతే, లేదా ఆయన నిర్ణయం నచ్చకపోతే, 30 రోజుల్లో కేంద్రం ఏర్పాటుచేసిన ఫిర్యాదుల అప్పీలు కమిటీకి వెళ్లొచ్చు. అదంతా ఆన్‌లైన్లోనే జరుగుతుంది. డబ్బు మాత్రం ఇప్పించదు.

కేబుల్ ఛానెల్ వాళ్లు వాడితే ఈ ఫారాలేవీ పనిచేయవు. నేరుగా ఉత్తరం రాయాలి. ఎవరికైనా సరే, స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచుకోండి. ఉత్తరం ఇలా ఉంటే చాలు:

"అయ్యా, ఫలానా పాట రికార్డింగు, వీడియో హక్కులు నావి. ఫలానా తేదీన నా ఛానెల్లో మొదట విడుదల చేశాను. మీరు ఫలానా తేదీన పెట్టిన ఈ లింకులోని వీడియోలో 0:40 నుంచి 3:10 వరకు నా రికార్డింగే ఉంది. దానికి నేను అనుమతి ఇవ్వలేదు. ఈ ఉత్తరం అందిన 10 రోజుల్లో దాన్ని తీసేయవలసిందిగా, ఇప్పటిదాకా వాడుకున్నందుకు ₹20,000 చెల్లించవలసిందిగా కోరుతున్నాను. మాట్లాడుకుని తేల్చుకోదలిస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ముందు కూర్చోవడానికి నేను సిద్ధం."

అంతే. జైలు, పోలీసులు, పరువు అన్న మాటలు రాయొద్దు. ఆధారం లేకుండా బెదిరించినవాళ్ల మీద ఎదురు దావా వేసే హక్కు కాపీరైట్ చట్టం 60వ సెక్షన్ ఇస్తుంది. ఎదుటివాళ్లు ఒడియావాళ్లయితే ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాయించండి. చదవలేని నోటీసు అవతల పారేయడానికి సాకు అవుతుంది.

ఐదో అడుగు: మన దేశంలోనే ఉన్నవాడితో

సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనకు కాపీరైట్ చట్టం ఒక మంచి వెసులుబాటు ఇచ్చింది. మామూలు సివిల్ దావా అయితే ప్రతివాది ఉన్న చోటో, తగాదా పుట్టిన చోటో వేయాలి. కాపీరైటు దావాను 62వ సెక్షన్ కింద హక్కుదారు నివసించే చోటి జిల్లా కోర్టులోనే వేయొచ్చు. పర్లాకిమిడి గాయని టెక్కలి ఛానెల్ మీద పర్లాకిమిడిలోనే దావా వేయొచ్చు, శ్రీకాకుళం పరుగెత్తక్కర్లేదు. గంజాం జిల్లావాళ్లకు జిల్లా కోర్టు బరంపురంలో, కొరాపుట్ జిల్లావాళ్లకు జయపురంలో ఉంటుంది.

అయినా చిన్న మొత్తానికి దావా ఆఖరి మెట్టుగానే ఉంచుకోండి. దానికి ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ ఇచ్చి, దావా వేయకముందే విషయాన్ని లోక్ అదాలత్‌కు పంపమని అడగొచ్చు. దీనికి కోర్టు ఫీజు లేదు. అవతలివాళ్లకు నోటీసు వెళుతుంది, ఇద్దరినీ కూర్చోబెడతారు. రాజీ కుదిరితే వచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. డబ్బు కట్టకపోతే నేరుగా అమలుకు వెళ్లొచ్చు. పెద్దమనుషుల్లో పెట్టి తేల్చుకున్న మాటకూ దీనికీ తేడా అదే. రాజీ కుదరకపోతే మాత్రం లోక్ అదాలత్ ఎవరిమీదా తీర్పు రుద్దదు. ఏడాదిలో కొన్నిసార్లు జాతీయ లోక్ అదాలత్ జరుగుతుంది. ఆ తేదీకి కొన్ని వారాల ముందే అర్జీ ఇస్తే నోటీసు వెళ్లడానికి సమయం ఉంటుంది.

ఎదుటివాళ్లు ఇచ్ఛాపురం, సోంపేట వైపు ఉంటే నా సలహా వేరు. దావాకైతే మన ఊరు మేలు గానీ, రాజీకి వాళ్ల ఊరే మేలు. శ్రీకాకుళం జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి కాగితం వెళితే వాళ్లు లేచి వస్తారు. బరంపురం నుంచి వెళ్లిన కాగితాన్ని వేరే రాష్ట్రం గొడవగా పక్కన పెట్టేసే వాళ్లు ఎక్కువ. పైగా అక్కడ పాటలోని మాటలు తెలుగులోనే చూపొచ్చు. మన జిల్లా కోర్టుల్లో పని ఒడియాలో, ఇంగ్లీషులో నడుస్తుంది కాబట్టి తెలుగు సాహిత్యానికి, తెలుగు చాట్లకు అనువాదం చేయించి జతచేయాలి. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

ఉచిత న్యాయసహాయం గురించి మన వైపు చాలామందికి తెలియదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా న్యాయ సేవాధికార సంస్థ లాయరును ఉచితంగా ఇస్తుంది. మిగతావాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంది. కొండల్లో సవర, గదబ పాటలు పాడే పిల్లలకు, ఇళ్లల్లో భజనలు రికార్డు చేసే ఆడవాళ్లకు ఇది వాళ్ల హక్కు, ఎవరో పెట్టే దానం కాదు. 15100 నంబరుకు ఫోన్ చేసి అడగొచ్చు. దగ్గర్లో అలాంటి కళాకారులుంటే ఈ ముక్క వాళ్లకు తప్పకుండా చెప్పండి.

నష్టం ₹3 లక్షలు, అంతకు మించి ఉంటే అది వాణిజ్య వివాదం కింద లెక్క. వెంటనే ఆపమనే ఉత్తర్వు అవసరం లేకపోతే, దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. దానికి 3 నెలల గడువు, ఇద్దరూ ఒప్పుకుంటే ఇంకో 2 నెలలు. ఫీజు చెరి సగం. చాలామంది చిన్న కళాకారుల తగాదా ఇంతదూరం రాదు.

పోలీసుల దగ్గరికి వెళ్లాలా? తెలిసి కాపీ చేయడం కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద నేరమే, 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు ఉంది. పోలీసులు నేరుగా కేసు పెట్టదగిన, బెయిలు హక్కుగా రాని నేరమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. దొంగ పెన్‌డ్రైవ్‌లు అచ్చేసి సంతల్లో అమ్మేవాళ్ల మీద అది సరైన దారి. పక్కింటి కుర్రాడు రీలులో పాట వాడుకున్నందుకు అంత బరువైన సెక్షన్ ఎత్తడం నాకు న్యాయంగా తోచదు. మీ డబ్బు కూడా దానివల్ల తిరిగి రాదు.

ఆరో అడుగు: తీసినవాడు అమెరికాలో ఉంటే

మన పాటలు అక్కడి తెలుగు ఈవెంట్ సంస్థలు, ఛానెళ్లు వాడుకోవడం కొత్తేమీ కాదు. ఇక్కడే ఆన్‌లైన్ చిన్న దావాల బోర్డు మనకు పనికొస్తుంది. దావా వేసేవాళ్లు ఏ దేశంలో ఉన్నా ఫరవాలేదు. ఎవరి మీద వేస్తున్నామో వాళ్లు అమెరికాలో ఉండాలి, కాపీ కూడా అక్కడ జరిగి ఉండాలి. విశాఖలో ఉన్నవాడి మీద అక్కడ దావా వేయడం కుదరదు. యూట్యూబ్ ఛానెల్ వివరాల్లో "యునైటెడ్ స్టేట్స్" అని ఉన్నంత మాత్రాన నమ్మకండి, ఎవరు ఏ దేశమైనా పెట్టుకోవచ్చు. అసలు పేరు, అడ్రసు సంపాదించండి. అవి దొరక్కపోతే ఈ దారి మీకు లేదు, తొలగింపు ఫారంతోనే సరిపెట్టుకోవాలి.

మొదట అమెరికా కాపీరైట్ కార్యాలయంలో పాటను రిజిస్టర్ చేయాలి, కనీసం దరఖాస్తు, ఫైలు, ఫీజు పూర్తిగా ఇచ్చి ఉండాలి. ఒక్కరే సృష్టించిన ఒక్క కృతికి (పాట, వీడియో లాంటి ఏదైనా ఒక్క సృష్టికి) 45 డాలర్లు, మామూలు దరఖాస్తుకు 65. అంతా ఆన్‌లైనే, ఫైలు అప్‌లోడ్ చేస్తే చాలు. కార్డు మీద అంతర్జాతీయ లావాదేవీలు ముందే ఆన్ చేయించుకోండి. కాపీ మొదలవకముందే, లేదా పాట విడుదలైన 3 నెలల్లోపు రిజిస్టర్ అయి ఉంటే, నష్టం రుజువు చేయకుండానే ఒక్కో కృతికి 15,000 డాలర్ల దాకా అడగొచ్చు. ఆలస్యంగా రిజిస్టర్ చేస్తే కృతికి 7,500 డాలర్లు, మొత్తం మీద 15,000 మించదు. ఎలా చూసినా ఒక దావాలో పరిహారం గరిష్ఠంగా 30,000 డాలర్లు. విదేశాల్లో బాగా వినబడుతున్న పాట మీకుంటే ఆ 45 డాలర్లు ఇప్పుడే పెట్టేయడం తెలివైన పని.

తర్వాత బోర్డు ఆన్‌లైన్ వ్యవస్థలో అకౌంటు తెరిచి దావా నింపాలి. ఫైలింగ్ ఫీజు మొదట 40 డాలర్లు. 5,000 డాలర్లు దాటని దావా అయితే చిన్న ట్రాకు అడగండి, ఒక్క అధికారే వింటారు, కాగితాలు తక్కువ. "ఏం జరిగింది" అన్న పెట్టెలో ఆవేశం రాయకండి. ఏ కృతి, ఎప్పుడు విడుదలైంది, ఎవరు, ఏ తేదీన, ఎక్కడ, ఎలా వాడారు, మీకెలా తెలిసింది, ఇంతే వరసగా రాయాలి. తెలుగు కాగితాలకు ఇంగ్లీషు అనువాదం జతచేయండి. బోర్డులోని న్యాయవాది దావాను పరిశీలించి లోపముంటే చెబుతారు. 30 రోజుల్లో సవరించుకోవచ్చు, మళ్లీ లోపముంటే ఇంకోసారి కూడా. దీనికి మళ్లీ ఫీజు లేదు.

దావా సరిగా ఉందన్న సమాచారం వచ్చాక, 90 రోజుల్లో ఎదుటివాళ్లకు కాగితాలు అందజేసి రుజువు పెట్టాలి. కష్టమంతా ఇక్కడే. మీరే వాట్సాప్‌లో పంపితే చెల్లదు. దావాలో లేని, 18 ఏళ్లు దాటినవాళ్లెవరైనా అందజేయాలి. అక్కడి ప్రాసెస్ సర్వర్‌ను, అంటే కోర్టు కాగితాలు అందజేయడమే పనిగా ఉన్నవాళ్లను పెట్టుకుంటే దానికి విడిగా ఖర్చవుతుంది. లేదా కాగితాలు అందజేసే తతంగాన్ని వదులుకునే ఫారం పంపితే వాళ్లు 30 రోజుల్లో సంతకం చేసి పంపొచ్చు. అక్కడ నమ్మకమైన బంధువులుంటే ప్రాసెస్ సర్వర్‌ను వెతికే పని వాళ్లకు అప్పజెప్పండి.

కాగితాలు అందిన 60 రోజుల్లో ఎదుటివాళ్లు "ఈ బోర్డు ముందుకు మేం రాం" అని తప్పుకోవచ్చు. అలా తప్పుకుంటే దావా అక్కడితో ఆగిపోతుంది, మీ 40 డాలర్లు తిరిగి రావు, మిగిలేది ఖరీదైన ఫెడరల్ కోర్టు (అమెరికా కేంద్ర ప్రభుత్వ కోర్టు). ఈ వ్యవస్థలో అసలు బలహీనత ఇదే. అందుకే దావాకు ముందే మర్యాదగా ఉత్తరం రాసి, వాళ్లు ఎలాంటివాళ్లో ఒక అంచనాకు రండి. జవాబిచ్చి బేరమాడేవాళ్లయితే బోర్డు దాకా వెళ్లకుండానే తేలొచ్చు. తప్పుకోకపోతే మిగతా 60 డాలర్లు కట్టాలి, దావా చురుగ్గా మొదలవుతుంది. విచారణ కాగితాల మీద, వీడియో మీద జరుగుతుంది, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. వాళ్లు తప్పుకోకుండా, జవాబూ ఇవ్వకుండా కూర్చుంటే మీ సాక్ష్యం చూసి బోర్డు ఏకపక్షంగా తేల్చవచ్చు.

ఇంకో ఉపయోగం ఉంది. అమెరికాలో ఉన్నవాళ్లు యూట్యూబ్‌లో కౌంటర్ నోటీసు ఇచ్చినప్పుడు, మీరు చూపాల్సిన చట్టపరమైన చర్యగా ఈ బోర్డులో వేసిన దావా కూడా చెల్లుతుంది.

లెక్క వేసుకుంటే రిజిస్ట్రేషన్‌తో కలిపి 145 నుంచి 165 డాలర్లు, పైన ప్రాసెస్ సర్వర్ ఖర్చు. అంతకు రెండింతలైనా వచ్చే అవకాశం లేని తగాదాను అక్కడికి తీసుకెళ్లకండి. గెలిచాక వాళ్లు డబ్బు కట్టకపోతే ఏడాదిలోపు ఫెడరల్ కోర్టుకు వెళ్లి ఆ నిర్ణయాన్ని ఖరారు చేయించుకోవాలి. ఆ కోర్టు ఖర్చును కట్టనివాళ్ల మీదే వేస్తారు.

గడువు మర్చిపోవద్దు. బోర్డు ముందైనా, మన దేశంలో పరిహారం కోసం వేసే దావాకైనా 3 ఏళ్లే.

నోటీసు మీకే వస్తే

మన పిల్లలూ ఇతరుల పాటలు వాడతారు. నోటీసు రాగానే భయపడి ఛానెల్ మొత్తం డిలీట్ చేయకండి, అలాగని చించి పారేయకండి. ఏ కృతి, ఎన్ని నిమిషాలు, పంపినవాళ్లకు హక్కు ఉందని చూపే కాగితమేది, ఇవి రాతపూర్వకంగా అడగండి. సమీక్ష కోసమో, విమర్శ కోసమో చిన్న ముక్క వాడితే కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ కింద రక్షణ ఉండొచ్చు. పాట మొత్తం వెనక నడిపిస్తే ఉండదు. అప్పుడు తీసేసి, "తీసేశాం" అని రాసి పంపి, అడిగిన మొత్తం ఎక్కువనిపిస్తే సగం చెప్పి బేరమాడండి. కుదిరిన మాటను ఇద్దరి సంతకాలతో రాసుకోండి. "ఈ వీడియోకు సంబంధించి ఇక ఎలాంటి క్లెయిమూ లేదు, యూట్యూబ్‌లో వేసిన స్ట్రైక్‌ను ఇన్ని రోజుల్లో వెనక్కి తీసుకుంటాను" అన్న వాక్యం అందులో ఉందో లేదో చూసుకున్నాకే డబ్బు పంపండి.